పీత తెచ్చినవాడి మొదటి ముద్ద

కిందటి వారం హెస్టర్ లార్టర్‌ని "కుంటి గుర్రం" పబ్బు పెరటి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. చేతిలో సగం ఒలిచిన ఉల్లిపాయ, కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు ఉల్లిపాయవి కావు. సముద్రం ఒడ్డున నెవిల్ అటింగ్ నడిపే "ఉప్పుగాలి" రెస్టారెంటులో ఉద్యోగం ఊడిన వంటమనిషి మవిస్ తన అక్కసంతా ఆ గుమ్మంలో కక్కి, పోతూ పోతూ ఒక మాట అనేసింది.

"నెవిల్ అటింగా? పీతలమ్మి మేడలు కట్టాడు గానీ, ఆయనగారు పీత తినడు తల్లీ. చిన్నప్పట్నించీ పడదు. మాంసం పెదాలకి తగిలిందా, బన్నుల్లా పొంగుతాయి. గొంతు మూసుకుపోద్ది. రుచి చూడాలంటే నన్నే పిలిచేవాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు కూడానూ. పీతలోళ్ళ ఇంట పుట్టి పీత తినలేనంటే ఊళ్ళో నవ్వరూ?"

ఆ మాట విన్న క్షణం నుంచి హెస్టర్‌కి నిద్ర లేదు. సంతోషంతోనే లేదు. ఇన్నేళ్ళుగా గుండెల్లో కుంపటి పెట్టుకుని తిరుగుతున్న మనిషికి, ఆ నిప్పు ఎవరి నెత్తిన పోయాలో, ఎలా పోయాలో ఒక్కసారిగా తెలిసిపోయింది.

ఎందుకో తెలియాలంటే పాత సంగతి ఒకటి చెప్పుకోవాలి. వెల్‌థోర్ప్‌లో మే నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం పీతల విందు. సముద్రానికి కాస్త లోపలగా, గోధుమ పొలాల మధ్య ఉన్న కుంటి గుర్రంలోనే అది జరగాలి. పీతలు తెచ్చినవాడు అందరి ఎదుటా నిలబడి మొదటి ముద్ద తినాలి. వాడు మింగాకే మిగతావాళ్ళు చెంచా పట్టుకోవాలి. నా పీతలు మంచివి, ముందు నేనే తింటున్నాను చూడండి అని ఊరికి చెప్పడమన్నమాట.

హెస్టర్‌కి పదిహేడేళ్ళప్పుడు ఆ పబ్బు నడిపింది వాళ్ళమ్మ ఐవీ. ఆ ఏడు పీతలు నెవిల్ వాళ్ళ పడవవేనని అందరికీ తెలుసు, ఏటా వాళ్ళవే కాబట్టి. తండ్రి తరఫున మొదటి ముద్ద తినాల్సిన నెవిల్, ఆ వేళకి హాల్లో కనపడలేదు. ఐవీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వాడు లోపలే తినేశాడు, నేను చూశాను, ఇక కానివ్వండి" అంది. కానిచ్చారు. సాయంత్రానికి సగం ఊరు కడుపులు పట్టుకుని మెలికలు తిరిగింది. ఆమోస్ థర్టిల్ భార్య డోర్కస్ ఆసుపత్రి నుంచి మళ్ళీ ఇంటికి రాలేదు.

విచారణ చేసినవాళ్ళ లెక్క సులువుగా తేలిపోయింది. నెవిల్ తిన్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. అంటే పీతలు వచ్చేటప్పుడు బాగానే ఉన్నాయి. అంటే వాటిని పాడుచేసింది ఐవీ వంటిల్లే. పబ్బు సొంతదారులైన బీరు కంపెనీవాళ్ళు తాళాలు లాగేసుకున్నారు. వెల్‌థోర్ప్‌లో అందరికంటే మంచి వంటగత్తె అనిపించుకున్న మనిషి పట్నంలో ఒక క్యాంటీన్లో గిన్నెలు తోమింది. సంతలో ఎదురుపడితే తెలిసినవాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాళ్ళు. బళ్ళో మగపిల్లలు హెస్టర్‌ని చూడగానే పొట్ట పట్టుకుని కిందపడి దొర్లేవాళ్ళు. ఆ నవ్వులు ఆమె లండన్ వంటిళ్ళలో చాకిరీ చేసినన్నాళ్ళూ చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. ఈ వసంతంలో తిరిగొచ్చి అదే పబ్బును కౌలుకు తీసుకుంది.

నెవిల్ పీత తినలేడు. అయితే ఆనాడు తినలేదు. పని హడావుడిలో ఉన్న వెర్రి తల్లికి తిన్నానని చెప్పి నమ్మించాడు, ఆవిడ తన మంచితనం కొద్దీ వాడి తరఫున సాక్ష్యం చెప్పి తన గొయ్యి తనే తవ్వుకుంది. హెస్టర్ లెక్క అది. ఇక ఆదివారం కోసం ఎదురుచూడటమే మిగిలింది.

*

ఆదివారం రానే వచ్చింది. ఎండ కూడా వచ్చింది, ఆ ఊళ్ళో అది విశేషమే.

పన్నెండు దాటేసరికి కుంటి గుర్రంలో కాలు పెట్టే సందు లేదు. ఇన్నేళ్ళ తరవాత పీతల విందు అనేసరికి, రోడ్డు దాటి పారిపోయిన ఆ జనమే కొత్త చొక్కాలు తొడుక్కుని వచ్చారు. హెస్టర్ ఒక్కొక్కరినీ గుమ్మంలో నవ్వుతూ పలకరించింది. పళ్ళు కొరుక్కుంటూ కూడా నవ్వచ్చని ఆమెకు లండన్‌లోనే తెలిసింది.

"ఏమ్మాయ్, ఈసారి మమ్మల్ని బతకనిస్తావా?" అన్నాడొకాయన, కోటు విప్పుతూ. తన హాస్యానికి తనే పడీ పడీ నవ్వాడు.

"మీ బతుకు నా చేతుల్లో లేదండీ, మీ ఆవిడ చేతుల్లో ఉంది. కూర్చోండి" అంది హెస్టర్. ఆయన పక్కన ఉన్న భార్య ఆయన కంటే గట్టిగా నవ్వింది.

కిటికీ పక్కన మంచి బల్ల దగ్గర తల్లిని కూర్చోబెట్టింది. ఐవీ రానంటే రానంది. నీలం గౌను తొడిగి, జుట్టు దువ్వి, బలవంతాన తీసుకొచ్చింది. ముందు గుమ్మంలోంచి ఆ పబ్బులోకి ఐవీ అడుగుపెట్టడం తాళాలు పోయాక ఇదే మొదటిసారి. ఎవరి మొహం చూడకుండా బల్ల మీది ఉప్పుసీసాను అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

బీరు పంపుల దగ్గర తండ్రి హోరేస్. ఒకప్పుడు ఆయనకూ పడవ ఉండేది. భార్య పరువు పోయిన ఏడే అమ్మేసి, సముద్రం ముఖం చూడటం మానేశాడు. మాట తక్కువ మనిషి. ఇవాళ మరీ తక్కువ. గ్లాసులు నింపుతున్నాడు, ఇస్తున్నాడు, బల్ల తుడుస్తున్నాడు, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు.

పొయ్యి దగ్గరి కుర్చీలో ఆమోస్ థర్టిల్. డెబ్బై దాటినా ఇంకా పడవెక్కే మనిషి. ఆయన్ను పిలవడానికి హెస్టర్ స్వయంగా ఇంటికి వెళ్ళింది. ముందు తలుపు మొహమ్మీద వేశాడు. రెండోసారి వెళ్ళి, "డోర్కస్ ఆంటీని పొట్టన పెట్టుకున్నవాణ్ని అందరి ముందూ నిలబెడతాను, చూడ్డానికి రా అంకుల్" అంటే, గడప మీద చాలాసేపు నిలబడి, వస్తానన్నాడు.

ఒంటిగంటకి నెవిల్ వ్యాను వచ్చి ఆగింది.

నెవిల్ అటింగ్ గురించి ఒక మాట. మనిషి చెడ్డవాడిలా కనిపించడు, అదే హెస్టర్‌కి ఒళ్ళుమంట. ఎండకి కాలి రాగిరంగు తేలిన మొహం, గోధుమరంగు పల్చటి కోటు, ఎప్పుడూ ఎవరికో తలుపు తెరిచి పట్టుకున్నట్టుండే మర్యాద. వాడి ఉప్పుగాలిలో తెల్లటి పెద్ద పళ్ళెంలో వేలెడు చేపముక్క పెట్టి, చుట్టూ సబ్బునురగలాంటిదేదో పోసి, కిటికీలోంచి సముద్రాన్ని చూపిస్తారు. జనం కడుపు నింపుకోవడానికి కాదు, సముద్రాన్ని చూడటానికి వెళతారు. వచ్చేటప్పుడు దారిలో ఆగి చిప్స్ పొట్లం కొనుక్కుంటారు.

కుంటి గుర్రాన్ని కూడా తన చేతికిందికి తెచ్చుకోవాలని వాడి ఆశ. వంటిల్లు నేను చూసుకుంటాను, పబ్బు నువ్వు చూసుకో అని నెలరోజులుగా వెంటపడుతున్నాడు. హెస్టర్ అవుననలేదు, కాదనలేదు. ఆ ఆశతోనే ఇవాళ్టి పీతలు తెల్లారగానే వాడి పడవల నుంచి వాడే తెచ్చి దించి వెళ్ళాడు, చేతులకు తొడుగులు వేసుకుని మరీ.

"జనం బాగా వచ్చారే" అన్నాడు నెవిల్, లోపలికొస్తూ. "చూశావా, నీ వంటా నా సరుకూ కలిస్తే ఎలా ఉంటుందో?"

"చూస్తున్నా" అంది హెస్టర్. "నడుమ బల్ల నీది. కూర్చో."

పీతల్ని పొద్దున్నే ప్రాణంతో ఉండగానే ఉడికించి, మాంసం తీసి, మళ్ళీ వాటి డిప్పల్లోనే సర్ది ఉంచింది. తెల్ల మాంసం ఒక పక్క, ముదురు మాంసం ఒక పక్క, నిమ్మచెక్క, వెన్న రాసిన గోధుమరొట్టె. జన్మలో అంత మంచి పీత ఆమె వండలేదు. పగవాడి కోసం చేసినంత శ్రద్ధగా ఎవరి కోసమూ చేయలేదు. బల్లలన్నిటి మీదా డిప్పలు పెట్టడం అయ్యాక, చివరి పళ్ళెం తనే తెచ్చి నెవిల్ ముందు పెట్టింది. తరవాత బారు పక్కన వేలాడే ఇత్తడి గంట కొట్టింది.

"అందరూ ఒక్క నిమిషం. మన ఆచారం మీకెవరికీ నేను చెప్పక్కర్లేదు. తెచ్చినవాడు తిన్నాకే మనం. కానీ నెవిల్, మొదటి ముద్ద నీది."

జనం బల్లలు చరిచారు. నెవిల్ నవ్వాడు. నవ్వు బాగానే మొదలైంది గానీ మధ్యలో దారితప్పింది.

"ఇంకా ఆ పాత ముచ్చటేంటి హెస్టర్? అవన్నీ మా తాతలనాటివి."

"మీ తాత తినేవాడు మరి, నువ్వూ తిను."

"పొద్దున కడుపులో కాస్త బాగోలేదు..."

"బాగుచేసేదే పెట్టాను."

"కానియ్యరా నెవిల్, ఇక్కడ ఆకలి దంచేస్తోంది!" అని వెనకనించి ఎవరో అరిచారు.

"పెళ్ళికొడుకులా సిగ్గుపడతాడేంటి, ఒక్క ముద్దేగా!" అంది ఇంకొకావిడ.

నెవిల్ గొంతు సవరించుకున్నాడు. చొక్కా కాలరు వదులు చేసుకున్నాడు. తప్పించుకునే సందు వెతుక్కునే మనిషికి ముందు తట్టేది పాతసందే. "అసలు నేను తినేశానండీ" అన్నాడు చేతులు చాపి. "పొద్దున మొదటివి ఉడకగానే లోపలే ఒకటి తినేశా. మీరు కానివ్వండి."

హాలు చల్లబడిపోయింది. అదే మాట. అప్పటి విందులో ఉన్నవాళ్ళందరికీ ఆ మాట గుర్తుంది. చెంచాలు పట్టుకోబోయిన చేతులు ఆగిపోయాయి. ఒకావిడ తన కొడుకు ముందున్న పళ్ళెం మెల్లగా పక్కకి జరిపింది.

"వంటింట్లో ఉన్నది నేను నెవిల్" అంది హెస్టర్. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేదు. "ఈసారి మా అమ్మ లేదు లోపల. నేనున్నాను. నువ్వు తినడం నేను చూళ్ళేదు."

పొయ్యి దగ్గర కుర్చీ కిర్రుమంది. ఆమోస్ లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ అబ్బాయ్" అన్నాడు. "నీ పీతలు నువ్వు తినవేంట్రా?"

"అది కాదంకుల్..."

"నా పెళ్ళాం తింది. లొట్టలేసుకుంటూ తింది పిచ్చిముండ, ఐవీ చేతి వంటని. నువ్వు తిన్నావన్నారనే తింది. ఆ పళ్ళెంలోది మంచిదైతే తిను. కాకపోతే కాదని చెప్పు."

నెవిల్ చుట్టూ చూశాడు. తినకపోతే ఏమవుతుందో వాడికి తెలుసు. తన పడవల పీతల్ని తనే ముట్టలేదన్న మాట సాయంత్రానికి తీరమంతా పాకుతుంది. రేపటికి ఉప్పుగాలిలో బల్లలు తుడిచేవాళ్ళు తప్ప కూర్చునేవాళ్ళుండరు. ఐవీకి పట్టిన గతే వాడికి పడుతుంది. సరిగ్గా అదే గతి, అదే హాల్లో, అదే ఆదివారం. హెస్టర్ కోరుకున్నదీ అంతకు మించి కాదు. ఇప్పుడు వాడు నోరు విప్పి, "నాకు పీత పడదు, నేను ఏనాడూ తినలేదు, ఆనాడూ తినలేదు" అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మరుక్షణం ఐవీ లార్టర్ తల ఎత్తుకుని ఈ ఊళ్ళో నడుస్తుంది.

"చెప్పు" అనుకుంది మనసులో. "చెప్పరా, చెప్పు."

వాడు చెప్పలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. చెంచా అందుకున్నాడు.

హెస్టర్ ఊహించనిది అదొక్కటే. వాడు చెంచా నిండా తెల్ల మాంసం తీశాడు. మాంసం పోగులు పళ్ళెంలో రాలుతున్నాయి. నుదుటిమీద చెమట ఎండలో మెరుస్తోంది. మవిస్ మాట హెస్టర్‌కి గుర్తుంది, గొంతు మూసుకుపోద్దన్న మాట. ఆసుపత్రి ఎంత దూరమో కూడా ఆమెకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు. ఆపు అంటే చాలు. ఆమె అనలేదు. తిననీ, అంది లోపల ఎవరో. మింగనీ. డోర్కస్ ఆంటీ ఎలా గిలగిల్లాడిందో తెలిసొస్తుంది. ఆ గొంతు తనదేనని ఆమె గుర్తుపట్టింది. అయినా పెదవి కదపలేదు.

చెంచా వాడి గడ్డం దాకా వెళ్ళింది.

"ఒరేయ్ నెవిల్! వద్దురా! చచ్చిపోతావు!"

కిటికీ దగ్గర కుర్చీ వెల్లకిలా పడింది. ఐవీ బల్లల మధ్యనుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చి, వాడి చేతిమీద ఒక్కటేసింది. చెంచా ఎగిరి ఎవరి బీరులోనో పడింది. అంతటితో ఆగక, తన గౌను అంచుతో వాడి వేళ్ళు తుడవడం మొదలుపెట్టింది, అన్నం మీద పడ్డ పసివాడి చేతులు తుడిచినట్టు.

"నీకు పడదు కదరా వెధవా! తెలిసి తెలిసి నోట్లో పెట్టుకుంటావా? చిన్నప్పుడు నిన్ను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది మర్చిపోయావా? నాలుగేళ్ళ వెధవ్వి, మొహమంతా గుమ్మడికాయంత అయ్యి, నీలంగా..."

ఆవిడ మాట అక్కడ ఆగింది. ఏమన్నదో ఆవిడకే అప్పుడు వినపడింది.

హాల్లో ఎవరూ కదల్లేదు. హెస్టర్ తల్లి దగ్గరికి నడిచింది.

"అమ్మా" అంది. "వీడికి పీత పడదని నీకు తెలుసా?"

ఐవీ వాడి చెయ్యి వదిలేసి, గౌను అంచు చూసుకుంది.

"నాలుగేళ్ళప్పటినుంచే తెలుసా? మరి ఆ రోజు... వీడు తిన్నాడు, నేను చూశాను అన్నావు. ఇదే హాల్లో నిలబడి అన్నావు."

"హెస్టర్, ఇక్కడ కాదు. ఇంటికి పోదాం పద."

"వీడు నిన్ను మోసం చేశాడనుకున్నానమ్మా. ఇన్నేళ్ళూ వీణ్ని తిట్టుకోకుండా అన్నం తినలేదు నేను. వీణ్ని ఇక్కడ కూర్చోబెట్టడానికే లండన్‌లో గాడిదచాకిరీ చేశాను. నువ్వు చూశానన్నది అబద్ధమా?"

"ఆవిణ్నెందుకంటావు?" అన్నాడు నెవిల్. వాడి గొంతులో ఇప్పుడు మర్యాద లేదు, వెటకారమూ లేదు. అలిసిపోయిన మనిషి గొంతు. "అవును, నేను తినలేదు. ఆరోజే కాదు, ఎప్పుడూ తినలేదు. నవ్వుకోండి అందరూ. నేను పీత తినలేని పీతలోణ్ని. చాలా?"

ఎవరూ నవ్వలేదు.

"తిన్నానని చెప్పమన్నది మీ అమ్మే హెస్టర్. ఆ పొద్దున మా ఇంటికొచ్చి కాళ్ళావేళ్ళా పడింది. ఆవిడ లేకపోతే నేను నాలుగేళ్ళకే పోయేవాణ్ని. ఎలా కాదనను? ఒట్టి మంచితనమే అని కూడా చెప్పను. పీతలు బాగున్నాయంటే మా నాన్న పడవ పేరు నిలబడింది. ఆ పేరుమీదే ఉప్పుగాలి కట్టాను. కానీ జనం చస్తారని ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు."

"నీ పీతలు బాగుంటే తిన్నానని అబద్ధమెందుకురా ఆడటం?" అన్నాడు ఆమోస్.

నెవిల్ ఐవీ వైపు చూశాడు. చెప్పనా అని అడిగినట్టు చూశాడు. ఐవీ తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే, ఇక లాభం లేదని ఆవిడ మొహంలోనే తెలిసిపోయింది.

"నా పీతలు కావంకుల్" అన్నాడు నెవిల్. "ఆ వారం సముద్రంలో మేం వేసిన పీతల బుట్టల్లో పడ్డవన్నీ నాన్న పట్నంలో అమ్మేశాడు. కుంటి గుర్రానికి మేం ఒక్క పీత కూడా ఇవ్వలేదు."

హాలంతా గుసగుస. హెస్టర్ ఇన్నేళ్ళు పగ అనే గోడకు వీపు ఆనించి నిలబడింది. ఇప్పుడు ఆ గోడే లేకుండా పోయింది. తల్లి భుజాలు పట్టుకుంది.

"మరి ఎవరివమ్మా? ఎవరి పీతలు వండావు? ఎవడి కోసం నీ పరువు తీసుకున్నావు? చెప్పు. వాడి పేరు చెప్పు. ఇప్పుడే, ఈ క్షణం, వాణ్ని ఈ హాల్లోంచి ఈడ్చి బయట పారేస్తాను."

"వద్దే తల్లీ" అంది ఐవీ. "వంట చేతకాని మనిషినంటే పడ్డాను. ఊరంతా ఉమ్మేసినా పడ్డాను. అది వంటింటి తప్పు, దానికి కాలం మందేస్తుంది. కానీ ఇంకొకడి బుట్టలు ఎత్తినవాడి పెళ్ళామంటే... దానికి ఈ తీరంలో మందుందా? నువ్వు అలాంటివాడి కూతురివనిపించుకుని ఎక్కడ బతుకుతావే?"

ఆ మాట బయటపడగానే ముసలివాళ్ళలో ఒకరిద్దరు ఊపిరి లోపలికి పీల్చారు. పీతల కోసం సముద్రంలో వేసిన బుట్ట ఎవడిదో వాడే ఎత్తాలి. రాత్రివేళ ఇంట్లో దూరి ఎత్తుకుపోయిన దొంగనైనా వెల్‌థోర్ప్ ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తుంది. బుట్టల దొంగని క్షమించదు. వాడికి బీరు పోసేవాడుండడు, వాడి పాడె మోసేవాడుండడు.

హెస్టర్ తల తిప్పింది. తిప్పాలని లేదు, మెడే తిరిగింది. బీరు పంపుల వెనక తండ్రి నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు నిండిపోయి, నురగ వేళ్ళ మీదుగా కారుతోంది. ఆయన పంపు వదల్లేదు.

"నాన్నా?" అంది.

హోరేస్ లార్టర్ కూతురి మొహం చూడలేకపోయాడు. "ఆ ఏడు నా బుట్టల్లో ఏమీ పడలేదమ్మా" అన్నాడు. "ఎత్తుకొచ్చినవి కొట్టంలో బస్తాలు కప్పి ఉంచాను. కొన్ని వడలిపోయాయి. మీ అమ్మ పారేద్దామంది. చలికి మొద్దుబారాయి, అంతే, అన్నాను. నేనే అన్నాను."

"ఎవరి బుట్టలు హోరేస్?"

అడిగింది ఆమోస్. అరవలేదు. పొయ్యి దగ్గరినుంచి కదిలి, బల్లల మధ్య దారి చేసుకుంటూ వస్తున్నాడు. జనం వాళ్ళంతట వాళ్ళే కుర్చీలు జరిపి దారిచ్చారు.

"ఆ వసంతంలో పాత ఓడ మునిగినచోట వేసిన బుట్టలు వారం వారం ఖాళీగా లేచాయి. పక్క రేవు వాళ్ళని అనుమానించాను. వాళ్ళలో ఒకడి దవడ పగలగొట్టాను కూడా. అవి నా బుట్టలు హోరేస్. నా డోర్కస్ తిన్నది నా పీతలేనా?"

హోరేస్ తలవంచి గ్లాసు వైపే చూశాడు. బీరు కారుతూనే ఉంది.

ఆమోస్ బారు దాకా వచ్చేసరికి దారికి అడ్డంగా ఒక మనిషి ఉంది. హెస్టరే. తను ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు వచ్చి తండ్రి ముందు చేతులు చాపి నిలబడిందో ఆమెకే తెలియదు.

ఆ ముసలాయన ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"నీకున్న పగే నాకూ ఉంది అమ్మాయ్, నాకు ఇంకాస్త ఎక్కువే ఉంది" అన్నాడు. "తప్పుకో."